బావ తూకానికి కట్టిన బండి

మా చెల్లెల్ని చిన్నప్పటినుంచీ ఇంట్లో సూది అనే పిలిచేవాళ్ళం. సన్నగా ఉండేది కాబట్టి కొంత, మాట గుచ్చుకునేది కాబట్టి మరికొంత. పెద్దయ్యాక కార్ల సీట్లకు కవర్లు కుట్టే పనిలో పడింది. ఇక ఆ పేరు ఊడి రాలేదు. ఆమె సంగతి రాద్దామని కూర్చున్నాను. నా సంగతీ కొంత రాయక తప్పదు. ఆ రోజుల్లో పక్కన ఉన్నది నేనే, ఆ బండి కట్టిందీ నేనే.

నేను చదివింది ఊరిబడిలో. ఒకటే గది, ఒక్కరే పంతులు. ఆయన నేర్పిన కూడికలూ తీసివేతలతోనే ఇన్నేళ్ళు నెగ్గుకొచ్చాను. బస్సుల డిపోలో బరువు మోసే కమాను పట్టీల దగ్గర సుత్తి అందించే పనితో మొదలుపెట్టి, అదే డిపోకు పెద్ద మేస్త్రీనయ్యాను. తరవాత సొంతంగా షెడ్డు పెట్టుకున్నాను. కారుకు చక్రానికీ బాడీకీ మధ్య ఉండే స్ప్రింగులూ షాకబ్జర్లూ కడ్డీలూ, వీటన్నిటినీ కలిపి మేం 'కింద పని' అంటాం. కొండదారి పందెంలో వరసగా గెలిచిన ఎర్రబండికి కింద పనంతా నా చేతిదే. ఆ కప్పు మా షెడ్డు అరలో ఇప్పటికీ ఉంది. నేను కట్టి పంపిన బండిని మళ్ళీ తీసుకొచ్చి 'ఇది మార్చు' అన్నవాడు నా సర్వీసులో లేడు. గొప్పకు చెప్పడం లేదు, కావాలంటే రసమట్టాన్ని అడగవచ్చు.

రసమట్టం నా భాగస్వామి. అసలు పేరు ఆయన భార్యకైనా గుర్తుందో లేదో. జేబులో ఎప్పుడూ వేలెడంత రసమట్టం ఒకటి పెట్టుకుని తిరుగుతాడు. టీ గ్లాసు దించేముందు కూడా బల్ల సమంగా ఉందా అని చూసుకునే మనిషి. చక్రాల కింద తూకం పలకలు పరిచి నాలుగు మూలల బరువూ చదివేది ఆయన. పానా పట్టేది నేను.

సూది పెళ్ళి కూడా సీటు దగ్గరే కుదిరింది. ఒక స్కూలు వాళ్ళు బస్సు సీట్లు కుట్టడానికి ఆమెను పిలిచారు. పిల్లల సీట్లన్నీ బాగానే ఉన్నాయి, డ్రైవరు సీటే గిన్నెలా కుంగిపోయి ఉంది. పక్కన నిలబడ్డ డ్రైవరును ఎగాదిగా చూసి, "ఇది మనిషి బరువా, బతుకు బరువా?" అని అడిగిందట. ఆ డ్రైవరే మా బావ. ఆ మాటకు కోపం తెచ్చుకోకుండా, రెండూనండీ అన్నాడట. ఆ సంగతి మా ఇంట్లో చెప్పి నవ్వింది. అప్పుడే నాకు అర్థమయింది. నేనే వెళ్ళి మాట్లాడి వచ్చాను. ఆ సంబంధం కుదిర్చింది నేను, ఇదీ లెక్కలోకి రావాలి.

వాళ్ళకు పిల్లలు లేరు. బావకు ఒక తమ్ముడున్నాడు. చిన్నప్పుడే తల్లి పోతే సూదే అన్నం పెట్టి, చొక్కాలు కుట్టి పెంచింది. ఇప్పుడతనికి కరెంటు సామాన్ల కొట్టుంది, ఇల్లు పక్క వీధిలోనే.

బావ రిటైరయ్యాక ఒక పాత రెండు సీట్ల స్పోర్ట్సు కారు కొని తెచ్చాడు. చెప్పులంత ఎత్తులో ఉంది. ఇదేం బుద్ధి బావా అంటే, "ఇన్నేళ్ళూ మేడమీద కూర్చుని తోలాను బావా. ఒక్కసారి నేలమీద కూర్చుని తోలాలని ఉంది," అన్నాడు. సూది వెనకనుంచి అందుకుంది. "నేలమీదే కూర్చోవాలంటే చాప పరుస్తాను కదా, దానికి బండెందుకు?"

అన్నదే గాని, మర్నాడే టేపు పట్టుకుని ఆ బండి సీట్లు కొలిచింది.

ఆ బండికి ముందటి యజమాని ఎవడో స్ప్రింగులు కోసేసి ఎత్తు తగ్గించాడు. స్ప్రింగు కోయడమంటే మనిషి పొడుగున్నాడని మోకాళ్ళ కింద నరకడమే. వీధి చివర స్పీడు బ్రేకరు మీద దాని కడుపు గీరుకుంటే ఆ చప్పుడు మా షెడ్డుదాకా వినపడేది. ఒకసారి దానిలో పక్కన కూర్చుని వచ్చిన సూది, దిగి రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, "ఈ బండిలో తిరిగితే పళ్ళ డాక్టరు అక్కర్లేదు అన్నయ్యా, అవే ఊడి చేతిలోకొస్తాయి," అంది. అలా ఆ బండి నా దగ్గరకు వచ్చింది.

ఏ సామాను వేయాలన్న దగ్గర చాలా రోజులు వాదించుకున్నాం. బావకు మూడు దారులు చెప్పాను. పాత షాకబ్జర్లు ఉంచేసి స్ప్రింగులు మాత్రం మార్చడం ఒకటి. ఒకదానికొకటి కుదిరేటట్టు జతకట్టి అమ్మే స్ప్రింగులూ షాకబ్జర్లూ రెండూ వేయడం ఇంకొకటి. మరలున్న గొట్టం మీద స్ప్రింగు కూర్చుని, ఎత్తూ బిగువూ రెండూ మన చేతిలో ఉండే సెట్టు మూడోది. మొదటిది వద్దని నేనే కొట్టేశాను. స్ప్రింగు గుర్రం, షాకబ్జరు కళ్ళెం. కొత్త గుర్రానికి తెగిపోయే కళ్ళెం వేసి పంపే రకం కాదు నేను.

బావ మూడోది కావాలన్నాడు. అందులోనూ పందెం బండ్లకు వేసే గట్టి స్ప్రింగులు కావాలన్నాడు. ఎర్రబండికి వేశావు కదా, నాకు వేస్తే ఏం పోయిందన్నాడు. ఎర్రబండి నున్నటి కొండదారి మీద పరిగెత్తింది, నువ్వు ఏ దారిన పోతావని అడిగాను. ఇంటినుంచి మార్కెట్టుకు, అక్కణ్ణించి నది వంతెన దాకా అన్నాడు. మధ్యలో ఏమున్నాయన్నాను. తల గోక్కుని, స్పీడు బ్రేకర్లే అన్నాడు. మరి ముందు దారినడిగి తరవాత బండినడగాలన్నాను. గట్టి స్ప్రింగు వేయించుకున్నవాడు మొదటి వారం నవ్వుతాడు, రెండో వారం నడుం పట్టుకుంటాడు. ఇది నేను పందెగాళ్ళకే చెప్పిన మాట.

బావ ఇంకా మొండికేస్తే సూది తేల్చింది. "ఆయనకి గట్టిది వెయ్యి అన్నయ్యా, ఫర్వాలేదు. అలాంటిదే మెత్తటిదొకటి నా నడుముకి వెయ్యి. ఉందా మీ దగ్గర?"

చివరికి మూడో రకం సెట్టే తెప్పించాం, స్ప్రింగులు మాత్రం నేను చెప్పినంత మెత్తనివి. బిగువు మార్చుకోవడానికి షాకబ్జరుకు చిన్న మర ఉంటుంది. తిప్పితే టిక్కుమంటూ ఒక్కో మెట్టు ఎక్కుతుంది, దిగుతుంది. బావ ఆ టిక్కుటిక్కు చెవి దగ్గర పెట్టుకుని వింటూ కూర్చునేవాడు.

ఇక మా షెడ్డు పద్ధతి ఒకటి చెప్పాలి. ఊగే బల్లకు ఒక కాలికింద కాగితం మడిచి పెడితే, బరువు ఆ కాలికీ, దానికి ఎదురు మూల కాలికీ ఎక్కుతుంది. కారుకూ అంతే. ఒక మూల స్ప్రింగును ఎత్తితే ఆ మూలకూ, దాని ఎదుటి మూలకూ బరువు పెరుగుతుంది. అలా నాలుగు మూలలూ సరిపెట్టాలి. కాని ఖాళీ బండికి సరిపెట్టి ఏం లాభం? తోలే మనిషి కూర్చోగానే ఒక పక్క కుంగుతుంది. అందుకని తోలే మనిషి తూకానికి ఇసుక సంచులు చేసి సీటులో పెట్టి, అప్పుడు సరిపెడతాం. చాలా షెడ్లలో ఎవరికైనా ఒకటే బరువు పెట్టి పంపేస్తారు. మా దగ్గర ఎవరి బండికి వాళ్ళ తూకమే. అందుకే మా బండ్లు తిరిగి రాలేదు.

బావను తూకం పలక మీద ఎక్కించాం. పొట్ట లోపలికి బిగబట్టి నిలబడ్డాడు. సూది చూసి, పొట్ట పీలిస్తే ఎక్కడికి పోతుంది, వీపులోకా అంది. సీటు కవర్లకు తెచ్చిన మందపాటి గుడ్డలో మిగిలినదానితో సంచులు తనే కుట్టింది, రెండేసి వరసల కుట్టు వేసి, పట్టుకోవడానికి చెవులు కూడా పెట్టి. ఇసుక నింపింది బావ. రెండు చేటలు తక్కువ పోశాడు. రసమట్టం పలకమీద పెట్టి సూది వంక చూశాడు. సూది రెండు చేటలూ తెచ్చి పోసి, మూతి కుట్టేసింది.

ముందు వైపు కొత్త సామాను ఎక్కించాం. వెనక వైపు పాతది విప్పి పెట్టాం. బండి లిఫ్టు మీద ఉంది.

మర్నాడు పొద్దున బావ షెడ్డుకు బయలుదేరుతూ, మంచం అంచున కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటూ ఆగిపోయాడు. ఒక బూటుకు ముడి పడింది, రెండోదానికి పడలేదు. గుండె అన్నారు. నేను వెళ్ళేసరికి సూది ఆ రెండో లేసు ముడివేస్తోంది.

జరగాల్సినవన్నీ జరిగాయి. అన్నిటికీ తిరిగింది బావ తమ్ముడే. ఆ విషయం అతని గురించి ఎవరడిగినా చెబుతాను. నేను కుర్చీలు వేయించాను, వచ్చినవాళ్ళను కూర్చోబెట్టాను. డిపో నుంచి పాతవాళ్ళంతా నా మొహం చూసి వచ్చారు. ఏడుపు రాలేదు. సూదికీ రాలేదు. ఆమె తలుపు పక్కన స్టూలు మీద కూర్చుని, వచ్చినవాళ్ళ కార్ల సీట్ల వైపు చూస్తూ ఉండేది.

తరవాత మొదలైంది ఆ మాట.

టీ తాగుతావా అంటే, నీ ఇష్టం. కిటికీ వేయమంటావా అంటే, నీ ఇష్టం. మా ఆవిడ వెళ్ళి, మా ఇంటికి వచ్చి ఉండు వదినా అంటే, మీ ఇష్టం. రమ్మంటే వచ్చింది, మళ్ళీ తన ఇంటి దగ్గర దింపితే దిగింది. కుట్టుమిషను మీద ఆ కారు సీటు కవరే సగం కుట్టి ఉంది. పాదం కింద గుడ్డ, గుడ్డలో దిగిన సూది, అలాగే ఉన్నాయి. దానిమీద దుమ్ము పడుతోందని మా ఆవిడ ఒక తువ్వాలు కప్పింది. అది తీయమనీ అనలేదు, ఉంచమనీ అనలేదు.

మరిది వచ్చి, అన్నయ్య వాచీ నేను పెట్టుకోనా వదినా అన్నాడు. నీ ఇష్టం అంది. రేడియో అడిగాడు. నీ ఇష్టం. అన్నయ్య కోటు మా మామగారికి సరిపోతుందేమో అన్నాడు. నీ ఇష్టం. అతను ఆశకొద్దీ అడిగినవాడు కాదు. అన్న వస్తువేదైనా ఒంటిమీద లేకపోతే నిలవలేనట్టు ఉన్నాడు. తీసుకెళ్ళిన ప్రతిదానికీ ఇంట్లో గోడమీదో కొక్కెం మీదో ఒక ఖాళీ మిగిలింది. సూది ఆ ఖాళీల వైపు చూసేది కాదు. మళ్ళీ ఒకనాడు, నేనూ అక్కడే ఉండగా అడిగాడు. "వదినా, బండి కూడా నేను తీసుకోనా? నువ్వెలాగూ తోలవు. నా దగ్గరుంటే అన్నయ్య ఉన్నట్టే ఉంటుంది."

"నీ ఇష్టం," అంది.

ఆమెకు డ్రైవింగు రాక కాదు. బావే నేర్పాడు. కవర్ల మూటలు వేసుకుని పాత వ్యానులో ఊరంతా తిరిగిన మనిషి.

నాకు బండి పోతుందని బెంగ లేదు. బండ్లు వస్తాయి, పోతాయి. ఒక్క మాటతో ఇల్లు ఖాళీ అయిపోతోంది. బండి తరవాత మిషను, మిషను తరవాత ఇల్లు, ఆ తరవాత ఆమె ఎవరింట్లో ఏ మూల స్టూలు మీద కూర్చుంటుందో కూడా ఎవరో ఒకరి ఇష్టమే. అలాగని 'ఇవ్వకు' అని నేను చెబితే అదీ నా ఇష్టమే అవుతుంది. అందుకని నాకు తెలిసిన మాటే చెప్పాను. సగం పని బండిని నా షెడ్డు దాటనివ్వను, అది నా చరిత్రలో లేదు, పూర్తయ్యాక చూద్దాం అన్నాను. మరిది సరేనన్నాడు. పూర్తయిన రోజే వచ్చి తీసుకెళ్తానన్నాడు.

సూదిని రోజూ షెడ్డుకు తీసుకొచ్చి కిటికీ దగ్గర కూర్చోబెట్టేవాణ్ణి. రమ్మంటే వచ్చేది కదా. నాకు ఏడుపు రాలేదన్నాను, పని మాత్రం వచ్చింది. వెనక వైపు సామాను ఎక్కించాను. కడ్డీల చివర రబ్బరు బుష్షులుంటాయి. వాటి బోల్టులను బండి గాలిలో ఉండగా బిగించకూడదు. కిందికి దించి, తన బరువు తను మోసి నిలబడ్డాకే బిగించాలి. గాలిలో బిగిస్తే రబ్బరు మెలిపడి ఎప్పుడూ ఎటో ఒకవైపు లాగుతుంది, తొందరగా చిరుగుతుంది. ఈ ఒక్క సంగతి చెప్పకుండా ఏ మేస్త్రీనీ నా దగ్గర నుంచి పంపలేదు. దించి, నాలుగు మూలలా నొక్కి ఊపి, సర్దుకున్నాక బిగించాను.

తూకం రోజు వచ్చింది. రసమట్టం పలకలు పరిచి, వాటికింద కాగితాలు పెట్టి నేల సమం చేశాడు. ఇక సీటులో బరువు పెట్టాలి. సంచులు గోడవారగా అలాగే ఉన్నాయి. ఆయన వాటి వంక చూశాడు, నా వంక చూశాడు, ఎవరి తూకం పెట్టను అని అడిగాడు. ఇంతకాలంలో ఆయన ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. నేను సూది వంక తిరిగాను.

"ఉన్నవి ఉన్నాయిగా," అంది.

బావ తూకమే పెట్టాం. రోజంతా పట్టింది. ఒక మూల ఎత్తితే ఇంకో మూల తగ్గుతుంది. చిన్న చిన్న తిప్పుళ్ళతో సరిపెడుతూ పోయాను. చివరికి నాలుగూ ఎంత బాగా కుదిరాయంటే, రసమట్టం తన రసమట్టాన్ని బండి నెత్తిన పెట్టి, అందులో బుడగ నడిమధ్య ఆగితే, దాన్ని అక్కడే వదిలేసి టీకి వెళ్ళాడు. ఎర్రబండికి కూడా అంత కుదరలేదు.

ఇక ఎవరైనా తోలి చూడాలి. నేను ఆ బండిలోకి దూరితే బయటికి లాగడానికి ఇద్దరు కావాలి, నా మోకాళ్ళు అలాంటివి. రసమట్టానికి దూరం ఆనదు. ఇదివరకు మా షెడ్డు బండ్లన్నీ తోలి చూసింది బావే. నువ్వు వీధి చివరిదాకా తీసుకెళ్ళి రా అన్నాను సూదితో. నీ ఇష్టం అంది, లేచింది.

సీటులో సంచులు తీయాలి. కింద నేల అప్పుడే కడిగి తడిగా ఉంది, ఎక్కడా పెట్టే చోటు లేదు. రసమట్టం బండి నెత్తినున్న తన మట్టాన్ని తీసి జేబులో వేసుకుని, సంచులు ఒక్కొక్కటే ఎత్తి పక్క సీటులో పెట్టాడు. మలుపులో దొర్లుతాయని సూది వాటి చుట్టూ బెల్టు లాగి పెట్టింది. తను కూర్చుని, సీటు ముందుకు లాక్కుంది. బండి బయటికి వెళ్ళింది. వీధి మలుపు తిరిగింది. రసమట్టం కప్పున్న అర మీద దుమ్ము తుడిచాడు.

తిరిగి వచ్చింది. ఎలా ఉందన్నాను.

"బాగుంది."

బాగాలేదు. అది నాకు గుమ్మంలో నిలబడే తెలిసింది. తోలే పక్క లేచి ఉంది, సంచులున్న పక్క కుంగి ఉంది. బ్రేకు వేసినప్పుడు ముక్కు ఒక పక్కకు వాలింది. గుడ్డివాడు కూడా చెబుతాడు. బావకోసం కుదిరిన కుదురంతా ఆమెకు ఎదురు తిరిగింది. రసమట్టం జేబులో ఉన్న మట్టాన్ని పట్టుకుని, బయటికి తీయకుండా వదిలేశాడు.

అప్పుడే మరిది వచ్చాడు. అన్న వాచీ పెట్టుకుని వచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్టు మీద చెయ్యి వేసి, అయిందా బావగారూ అని నన్నడిగాడు. కాలేదన్నాను. ఇది పోయినాయన తూకానికి కట్టిన బండి, తోలేవాళ్ళ తూకానికి మళ్ళీ కట్టాలన్నాను. ఎవరు తోలితే వాళ్ళు పలక ఎక్కాలన్నాను. ఆ మాట మరిదితోనే అన్నాను, సూది వైపు చూడలేదు. చూస్తే అడిగినట్టవుతుంది.

మరిది ఇంకేం ఆలోచించకుండా పలక ఎక్కి నిలబడ్డాడు. రసమట్టం అంకె చదవడానికి వంగాడు.

సూది కారు పక్కన నిలబడి ఉంది. మరిది కాళ్ళ వంక చూసింది.

"చెప్పులతో ఎక్కావేంరా అబ్బాయ్?"

చిన్నప్పుడు అతను చెప్పులతో వంటింట్లోకి వస్తే అనే గొంతు. అతను గబుక్కున చెప్పులు విప్పబోయాడు. ఒకటి విప్పి, రెండోది విప్పబోతూ ఆగి, ఆమె వంక చూశాడు.

"దిగు," అంది. "నేనెక్కాలి."

అతను దిగాడు. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి లేదు. తడినేల మీద అలాగే నిలబడ్డాడు.

"నువ్వు తోలతావా వదినా?"

"తోలతాను. వాచీ పెట్టుకో. రేడియో పెట్టుకో. బండి ఉండనీ."

అతను చాలాసేపు తల ఊపుతూనే ఉన్నాడు. వాచీ ఉన్న చేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు. తరవాత, "నీ ఇష్టం వదినా," అన్నాడు.

సూది చెప్పులు విప్పి పలక ఎక్కింది. పొట్ట బిగబట్టలేదు, అక్కడ బిగబట్టడానికి ఏమీ మిగిలి లేదు. ఆ కొద్ది రోజుల్లోనే అంత తగ్గింది. రసమట్టం అంకె చదివి, మళ్ళీ వంగి ఇంకోసారి చదివాడు.

సంచులు ఇంటికి తీసుకెళ్ళింది. మిగతాది మా ఆవిడ చెప్పగా విన్నాను. కుట్లు విప్పి ఇసుక తగ్గించి, మళ్ళీ కుడదామని మిషను దగ్గర కూర్చుందట. పాదం కింద సీటు కవరు ఇరుక్కుని ఉంది కదా. అది తీస్తేగాని సంచి పట్టదు, సగంలో తీస్తే వరస చెడుతుంది. తువ్వాలు తీసి పక్కన పెట్టి, ముందు ఆ కవరు చివరిదాకా కుట్టిందట. తరవాత సంచులు. మధ్యలో మా ఆవిడ టీ ఇస్తే తాగిందట. ఏడిచిందా అంటే, లేదు, దారం తెగితే ఎక్కించుకుంది, అంతే అంది మా ఆవిడ.

సంచుల్లోంచి మిగిలిన ఇసుకను ఒక బకెట్టులో వేసి షెడ్డుకు తెచ్చింది. దాన్ని ఏం చేస్తారని అడగలేదు. రసమట్టం లిఫ్టు కింద నూనె ఒలికిన చోట చల్లాడు. షెడ్డులో ఇసుకతో చేసే పని అదే. ఆమె చూసింది. కాసేపటికి చీపురు తీసుకుని తనే ఊడ్చింది.

మళ్ళీ పలకలు పరిచాం. కొత్త తూకానికి నాలుగు మూలలూ సరిపెట్టాను. మెత్తటి స్ప్రింగులు కాబట్టి కుదిరింది, గట్టివి వేసి ఉంటే ఆ సన్నటి మనిషికి బండి గంతులు వేసేది. ఈ సంగతి అందరూ గమనించాలి. షాకబ్జర్ల బిగువు నా లెక్క ప్రకారం పెట్టాను. ఇలాంటి బండికి ఎన్ని మెట్లుండాలో నాకు నిద్రలో అడిగినా తెలుసు. కొత్త కవర్లు తొడిగింది. ఇంతా చేస్తే అవి బూడిద రంగు. బావ ఎర్రవి అడిగితే, మురికి కనపడుతుందని అప్పట్లోనే కొట్టేసిందట.

ఈసారి పక్క సీటు ఖాళీగా పెట్టుకుని వెళ్ళింది. వీధి చివర స్పీడు బ్రేకరు దగ్గర ఏ చప్పుడూ రాలేదు. నది వంతెన దాకా వెళ్ళిందేమో, వచ్చేసరికి ఆలస్యమైంది. రసమట్టం రెండు టీలు తాగాడు. మరిది కొట్టు మూసి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

బండి వచ్చి ఆగింది. సమంగా ఆగింది. ముక్కు ఎటూ వాలలేదు. రసమట్టం నా వంక చూసి తల ఆడించాడు. నేను కప్పున్న అర వైపు ఒకసారి చూశాను. అడగడం అలవాటు కాబట్టి అడిగాను, ఎలా ఉందని.

సూది బండి దిగలేదు. చేతులు స్టీరింగు మీదే ఉంచి కూర్చుంది.

"వెనక గట్టిగా ఉంది అన్నయ్యా."

ఉండదన్నాను. నేను లెక్క ప్రకారం పెట్టానన్నాను. ఎర్రబండి సంగతి చెప్పబోయాను.

"నీ లెక్క నీ దగ్గర పెట్టుకో. నడుం నాది. ఒక మెట్టు వదులు చెయ్యి."

నేలమీద గోనెపట్టా పరుచుకుని పడుకున్నాను. మోకాళ్ళు అరిచాయి. రెండు వైపులా టిక్కుమని ఒక్కో మెట్టు వదిలాను. ఆమె మళ్ళీ వెళ్ళింది. నన్ను లేపడానికి మరిది ఒక చెయ్యి, రసమట్టం ఒక చెయ్యి పట్టుకున్నారు. వాళ్ళు నన్ను పూర్తిగా నిలబెట్టకముందే బండి తిరిగి వచ్చింది.

అద్దం దించింది.

"ఇంకొకటి," అంది.

నా సర్వీసులో ఎవరూ ఆ మాట అనలేదు. మళ్ళీ పడుకుని, ఇంకొకటి వదిలాను.